‘ఏమీ లేకపోవడం’ గురించి బుర్ర వేడెక్కకుండా ఆలోచించడం ఎలా?

“అసలు ఏదైనా ఎందుకు ఉంది, ఏమీ లేకుండా ఉండొచ్చుగా?” జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1714లో అడిగిన ఈ ప్రశ్న అర్ధరాత్రి బుర్రలో దూరిందంటే ఇక నిద్ర పట్టదు. చాలామంది వెంటనే కళ్లు మూసుకుని శూన్యాన్ని ఊహించుకోబోతారు. ఆ పని చేయకండి. కనిపించేది చీకటి, దాన్ని చూస్తూ మీరు, అంటే అప్పటికే రెండున్నాయి.

చిన్న లేమితో మొదలుపెట్టండి. సికింద్రాబాద్‌లో ఏదో ఇరానీ కేఫ్‌కి ఫ్రెండ్ నాలుగింటికి వస్తానన్నాడు, మీరు వెళ్లి చూస్తే లేడు. ఆ కేఫ్‌లో లేనివాళ్లు కోట్లమంది, కానీ మీకు కొట్టొచ్చినట్టు తెలిసేది వాడు లేకపోవడమే, ఎందుకంటే మీరు వెతుకుతున్నది వాణ్ణి. ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ 1943లో పారిస్ కేఫ్‌ని, పియర్ అనే స్నేహితుణ్ణి పెట్టి చెప్పింది ఇదే. మన దగ్గర మీమాంస పండితుడు కుమారిల భట్టు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే లేమిని తెలుసుకోవడానికి అనుపలబ్ధి (కనబడకపోవడం) అని ఒక ప్రమాణమే, అంటే తెలుసుకునే మార్గమే, వేరుగా ఉందని వాదించాడు. నైయాయికులు (న్యాయ దర్శనం వాళ్లు) ఒప్పుకోలేదు, ప్రత్యక్షంతోనే, అంటే ఇంద్రియాలతోనే తెలుస్తుంది కదా, ఇంకో ప్రమాణం దేనికన్నారు. ఆ గొడవ ఎలా ఉన్నా ఒక షరతు మాత్రం మనకి పనికొస్తుంది: ఉంటే కనిపించి తీరాలి, అప్పుడే కనిపించకపోవడానికి విలువ. కరెంటు పోయిన కేఫ్‌లో వాడు కనబడలేదంటే లేడని కాదు.

తర్వాత, ఏ రకం లేమి అని అడగండి. న్యాయ, వైశేషిక దర్శనాల వాళ్లు నాలుగు రకాలు చెప్పారు, నా లెక్కలో ఇంతకంటే పనికొచ్చే పనిముట్టు లేదు. 1591కి ముందు చార్మినార్ లేదు. ఆ లేమికి మొదలు లేదు గానీ ముగింపు ఉంది, అది ప్రాగభావం. కూలగొట్టిన పాత సింగిల్ స్క్రీన్ థియేటర్‌ది ప్రధ్వంసాభావం, దానికి మొదలుంది, ముగింపు లేదు (అదే స్థలంలో అదే పేరుతో మల్టీప్లెక్స్ కట్టినా పాతది తిరిగి రాదు). గాలికి రంగు లేకపోవడం ఎప్పటికీ ఉండేది, అత్యంతాభావం. చార్మినార్ గోల్కొండ కాదు, గోల్కొండ చార్మినార్ కాదు, ఇది అన్యోన్యాభావం.

ఇప్పుడు గమనించండి, ప్రతిదాంట్లోనూ “లేనిది ఏది, ఎక్కడ” అన్న రెండిటికీ జవాబుంది. లేనిదాన్ని ప్రతియోగి అంటారు, లేనిచోటు అధికరణం. ఇవి పట్టుకుని లైబ్నిజ్ ప్రశ్న దగ్గరికి రండి: “ఏమీ లేదు” అంటే లేనిది సర్వమూ, సరే, మరి ఎక్కడ లేదు? చోటు కూడా లేదుగా! ప్రశ్న తప్పని తేల్చేయకండి, మామూలు “లేదు”ని సాగదీస్తే అక్కడిదాకా అందదని మాత్రమే దీంతో తెలుస్తుంది.

శూన్యత గురించి చెప్పిన బౌద్ధ తత్వవేత్త నాగార్జునుణ్ణి ఇందులోకి లాగేవాళ్లతో జాగ్రత్త. “ఆయన ప్రపంచమే లేదన్నాడు” అని సాగర్ టూర్‌కి వెళ్లొచ్చిన ప్రతివాడూ చెప్తాడు. ఆయన శూన్యత లేమి కాదు. ఏదీ తనంతట తాను నిలబడదు, కారణాల మీద ఆధారపడే ఉంటుందని. చార్మినార్‌లోంచి రాయి, సున్నం, కట్టినవాళ్లు, కట్టించిన కులీ కుతుబ్ షా, అన్నీ తీసేసి మిగిలిన “అసలు చార్మినార్” కోసం వెతకండి, దొరకదు. అయినా దాని పక్కన రోజూ ట్రాఫిక్ జామ్ అవుతూనే ఉంది. అంతా శూన్యమైతే ఏదీ పనిచేయదుగా అన్నవాళ్లకి ఆయన జవాబు, శూన్యం కాబట్టే పనిచేస్తుందని.

ఇక ఎవరైనా “క్వాంటమ్ శూన్యంలోంచి విశ్వం పుట్టింది, ప్రశ్న తీరిపోయింది” అంటే, ఆ శూన్యంలో క్షేత్రాలు (ఫీల్డ్స్), భౌతిక నియమాలు ఉన్నాయా లేవా అని అడగండి. ఉన్నాయంటారు. అలాగైతే అవి ఎందుకున్నాయో కూడా చెప్పమనండి.