ఏడాదిన్నర పిల్లతో కోరాపుట్, అరకు కొండలకు: బయల్దేరే ముందు

సంచి సర్దడం కంటే ముందు పిల్లను తూకం వేయించండి. అంగన్‌వాడీలో వేస్తారు, పిల్లల డాక్టరు దగ్గరా వేస్తారు. జ్వరం మందు పోసేది బరువును బట్టి, వయసును బట్టి కాదు. పారాసిటమాల్ ఒక మోతాదుకు కిలోకి 10 నుంచి 15 మి.గ్రా., మోతాదుకీ మోతాదుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకి నాలుగు సార్లు దాటకూడదు. చిక్కంతా సీసాలతో వస్తుంది. ఇదే మందు 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండేది ఒకటి, 5 మి.లీ.లో 250 ఉండేది ఇంకొకటి, ఒక్క మి.లీ.లోనే 100 ఉండే చుక్కల మందు మరొకటి దొరుకుతాయి. పది కిలోల పిల్లకు మొదటిది 6 మి.లీ., రెండోది 3 మి.లీ., చుక్కల మందయితే 1.5 మి.లీ. ఇంట్లో 120ది వాడుతూ, దారిలో సీసా ఒలికిపోయిందని 250ది కొని, అలవాటు కొద్దీ అదే 6 మి.లీ. పోస్తే మోతాదు రెట్టింపు దాటిపోతుంది.

అందుకని ఇంట్లో వాడే సీసానే తీసుకెళ్లండి. డాక్టరు చేత మోతాదు రాయించి, ఆ చీటీని సీసాకే రబ్బరు బ్యాండుతో చుట్టండి. మూత కొలతకంటే సూది లేని 5 మి.లీ. సిరంజి మేలు. కదిలే బండిలో మూతలో పోస్తే సగం దుప్పటి మీదే పడుతుంది, ఎంత తాగిందో తెలియదు.

ప్రయాణంలో నిద్రపోతుంది కదా అని జలుబు సిరప్ పోయడం చాలా ఇళ్లలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దనీ, ఐదేళ్ల లోపు వాళ్లకు సాధారణంగా అక్కర్లేదనీ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025 అక్టోబరులో రాష్ట్రాలకు చెప్పింది. ముక్కు దిబ్బడేస్తే సెలైన్ చుక్కలు చాలు.

టీకా కార్డు కూడా ఒకసారి తిప్పి చూడండి. పదహారో నెల నుంచి ఇరవై నాలుగో నెల లోపు వేసే బూస్టర్లు బాకీ ఉంటే ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించాలి. డీపీటీ వల్ల వచ్చే జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. తట్టు టీకా జ్వరం అలా కాదు, వారం పది రోజులకు వస్తుంది. ఈ సంగతి తెలియకే అరకులో మంచం మీద జ్వరంతో ఉన్న పిల్లను చూసి హడలిపోతారు.

రైలా, కారా

బరంపురం, రాయగడ వైపు వాళ్లకు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. పిల్లతో రాత్రి బండి నయం, ఎలాగూ పడుకునే వేళే. రిజర్వేషను అరవై రోజుల ముందు తెరుస్తారు. ఐదేళ్ల లోపు పిల్లకు టికెట్ అక్కర్లేదు, బెర్తూ ఇవ్వరు. విడిగా బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టి పేరు రాయించాలి. తల్లికి కింది బెర్తు దొరికేలా చూసుకోండి. పిల్లను గోడవైపు పడుకోబెట్టి తల్లి అంచున పడుకోవాలి. గొలుసులకు చీర ఉయ్యాల కట్టొద్దు. రాయగడ దాటాక కొండ మలుపుల్లో బండి కుదిపితే ముడి జారుతుంది, లేకపోతే ఉయ్యాల వెళ్లి ఇనుప కడ్డీకి కొట్టుకుంటుంది.

కారులో వెళ్లేవాళ్లు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని సాలూరు, సుంకి, పొట్టంగి ఘాట్ ఎక్కడం మామూలైపోయింది. లారీ ఎదురై డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేస్తే చేతుల్లో పిల్ల ఆగదు. వెనక సీట్లో పిల్లల సీటు బిగించండి. ఈ వయసుకు అది వెనక్కి తిరిగి ఉండే రకమైతే మెడకు మంచిది. పధ్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. కొండల చలికి మందపాటి స్వెటరు వేసి, దాని మీద పట్టీలు బిగించడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. బిగుతుగానే కనిపిస్తుంది గానీ లోపల ఉన్ని అణిగి పట్టీ వదులవుతుంది. స్వెటరు తీసి, పట్టీకీ ఛాతీకీ మధ్య ఒక్క వేలు మాత్రమే పట్టేలా బిగించి, పైన దుప్పటి కప్పండి.

ఘాట్ ఎక్కడానికి గంట, గంటన్నర ముందు ఒకటి రెండు ఇడ్లీలు పెట్టండి. కడుపు నిండా పాలు పట్టి ఎక్కించొద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. మలుపులకు వాంతులు ఎక్కువగా రెండేళ్లు దాటినవాళ్లకే వస్తాయి. అంతకంటే చిన్నవాళ్లను ఇబ్బంది పెట్టేది చెవులు, అదీ దిగేటప్పుడు. నిద్ర లేపి గుక్కగుక్కగా నీళ్లో, తల్లిపాలో పడితే మింగుడుకు చెవి తెరుచుకుంటుంది.

ఊరి పేర్లతో ఒక జాగ్రత్త. ఒడిశాలో సునాబెడ పక్కనున్న సెమిలిగుడ వేరు, అరకు దగ్గర 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ రైల్వే స్టేషను వేరు. గది బుక్ చేసేటప్పుడు, డ్రైవరుకు చెప్పేటప్పుడు ఏదో తేల్చి చెప్పండి.

దారిలో తిండి

చోడి (రాగి) పిండి వద్దంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు గానీ, ఫ్లాస్కు నీళ్లలో చోడి జావ ఉడకదు. బియ్యపు నూకల ఉగ్గూ అంతే. పొయ్యి మీద ఉడికించాల్సిన పిండిని వేడినీళ్లలో కలిపితే పచ్చిగానే ఉండి కడుపు ఉబ్బరిస్తుంది. అటుకులు అలా కాదు. వాటిని తయారుచేసేటప్పుడే వడ్లు నానబెట్టి, వేడిచేసి దంచుతారు కాబట్టి వేడినీళ్లు తగిలితే మెత్తబడతాయి.

ఒక కప్పు పలచని అటుకులు చిన్న మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. రెండు వేళ్ల మధ్య నలిపితే పొడవ్వాలి, రంగు మాత్రం మారకూడదు. చల్లారాక పావు కప్పు వేయించిన శనగపప్పు (పుట్నాల పప్పు), రెండు ఏలకుల గింజలు వేసి మెత్తగా పొడికొట్టి జల్లించండి. జల్లెడలో మిగిలిన రవ్వను మళ్లీ తిప్పండి, లేకపోతే గొంతుకు అడ్డం పడుతుంది. బాగా వేడిగా ఉన్న 150 మి.లీ. నీళ్లలో మూడు పెద్ద చెంచాల పొడి, ఉండ కట్టకుండా కలిపి మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. బెల్లం పొడి విడిగా పట్టుకెళ్లండి. కలిపి ఉంచితే చెమ్మ పట్టి గడ్డకడుతుంది. తడి చెంచా తగలకుండా చూస్తే పొడి పది రోజులు ఉంటుంది. పిల్ల ఇంతకు ముందు తినని కొత్త తిండి ప్రయాణంలో మొదలెట్టొద్దు. ఈ పొడి కూడా వారం ముందు నుంచే ఇంట్లో పెట్టి చూడండి.

వండిన పప్పన్నం రెండు గంటలు దాటితే పెట్టకండి. వేరుశెనగ గింజలు, పుట్నాలు చేతికి ఇవ్వొద్దు, ఊపిరిగొట్టంలోకి పోతాయి. నీళ్లు కళపెళ ఒక నిమిషం మరగాలి. మరిగిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చండి.

ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. పొట్లం మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని, ఎన్ని నీళ్లకో చూసి కొనండి. 20.5 గ్రాములది లీటరు నీళ్లకు. ఆ లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లకు ప్రమాదం. రెండేళ్ల లోపు పిల్లకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లగా పట్టాలి. కలిపింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయండి. ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా 108కి ఫోన్ చేయండి. కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఘాట్‌లో సిగ్నల్ పోతుంది కాబట్టి దారి మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోండి.

గదిలో అడుగుపెట్టగానే

సామాన్లు దించకముందే నేల మీద కూర్చుని పిల్ల కళ్లతో గది చూడండి. ప్లగ్గులు, టీవీ తీగలు, బాల్కనీ కమ్మీల సందు, మంచం కింద పడి ఉన్న దోమల బిళ్ల. పిల్ల తల పట్టే సందు ఉంటే గది మార్పించుకోండి. చలికాలం కొన్ని లాడ్జీల్లో బకెట్‌లో హీటరు పెట్టి వెళ్తారు. ఆ బకెట్ గదిలో ఉండకూడదు. వేడినీళ్లే కాదు, జానెడు చల్లటి నీళ్లున్న బకెట్‌లో తలకిందులుగా పడ్డా ఈ వయసు పిల్ల తనంతట తాను లేవలేదు. బాత్రూం గడియ బయటినుంచి పెట్టి ఉంచండి.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. ఒక మందపాటి కోటు కంటే నూలు బనీను, నిండు చేతుల చొక్కా, స్వెటరు పొరలుగా వేయండి. ఎండ వచ్చాక ఒక్కొక్కటీ తీయొచ్చు. టోపీ బయటికే, పడుకోబెట్టేటప్పుడు తీసేయండి.

రోజుకు ఒక్క చోటు పెట్టుకోండి. బొర్రా గుహలకు వెళ్తే అదే ఆ రోజు పని. మెట్లు తడిగా ఉంటాయి, పిల్లను ముందుకు కట్టుకునే సంచి కావాలి, తోపుడు బండి పనికిరాదు. మధ్యాహ్నం నిద్ర వేళకు గదికి చేరాలి. ఆ నిద్ర తప్పితే సాయంత్రం తిండీ తప్పుతుంది, రాత్రంతా ఏడుపే.

దోమతెర మాత్రం మరిచిపోకండి. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ జిల్లాల్లో మెదడుకు ఎక్కే ఫాల్సిపారం మలేరియా ఉంది. మడత తెరను సాయంత్రం చీకటి పడకముందే వేసి, అంచులు పరుపు కిందికి దోపండి. కుట్టిన వారానికి గానీ జ్వరం రాదు, ఎక్కువగా పది పదిహేను రోజులకు వస్తుంది. ఇంటికొచ్చి నెల లోపు పిల్లకు జ్వరం వస్తే పళ్లొస్తున్నాయనో గాలి మారిందనో ఊరుకోకుండా, ఆశా కార్యకర్త దగ్గర గానీ ఆసుపత్రిలో గానీ అదే రోజు మలేరియా రక్త పరీక్ష చేయించండి. కొండలకు వెళ్లొచ్చామని డాక్టరుకు మీరే ముందు చెప్పండి.