94 దగ్గర ఆగిపోయిన నెట్: ఇంటికి స్విచ్ ఎలా ఎంచుకోవాలి

మాది హనుమకొండలో రెండంతస్తుల ఇల్లు. కింద మేము, పైన మా మరిది వాళ్లు. నేను ఇంట్లోంచే జీఎస్టీ రిటర్నులు వేసే పని చేస్తాను. 11వ తేదీ, 20వ తేదీ వచ్చాయంటే వైఫైని నమ్ముకుని కూర్చోలేను. అందుకే రెండేళ్ల కిందట ఇంటికి రంగులు వేయించినప్పుడు గోడల్లో పైపులు పెట్టించి ల్యాన్ కేబుల్ లాగించాం. రౌటర్ వెనక కేబుల్ గుచ్చే పోర్టులు నాలుగే. నా కంప్యూటర్‌కు ఒకటి, హాల్లో టీవీకి ఒకటి, సీసీ కెమెరాల డబ్బాకు ఒకటి, పైఅంతస్తుకు వెళ్లే కేబుల్‌కు ఒకటి. మా అబ్బాయి డెస్క్‌టాప్, నా ప్రింటర్ బయటే ఉండిపోయాయి.

రౌటర్ నుంచి వచ్చే ఒక్క కేబుల్‌ను ఇంకొన్ని పోర్టులకు పంచే చిన్న డబ్బాను నెట్‌వర్క్ స్విచ్ అంటారు. "ఒక స్విచ్ కొనాలి" అంటే మా అత్తయ్య "బోర్డులో స్విచ్ బాగానే ఉందిగా" అన్నారు. నాకూ అప్పటికి ఆమెకు తెలిసినదానికన్నా పెద్దగా ఎక్కువేం తెలియదు. చౌరస్తా దగ్గర కంప్యూటర్ షాపుకెళ్లి "ఐదు పోర్టుల స్విచ్ ఇవ్వండి" అన్నాను. 550 రూపాయలు అన్నాడు, ఇచ్చేశాను. డబ్బా మీద ఏం రాసుందో చదవలేదు.

ఇంటికొచ్చి, టీవీ కేబుల్‌ను స్విచ్‌కు మార్చి, రౌటర్‌లో ఆ పోర్టుకు స్విచ్‌ను కలిపితే అన్ని లైట్లూ వెలిగాయి, నెట్ వచ్చింది. మా ప్లాన్ 200 ఎంబీపీఎస్. నా కంప్యూటర్‌లో స్పీడ్ టెస్ట్ 190 దాటుతోంది. మావాడి దాంట్లో మాత్రం 94. పొద్దున 94, రాత్రి 94. నెట్ కంపెనీకి ఫోన్ చేసి గట్టిగానే అరిచాను. పాపం, తప్పు వాళ్లది కాదు. స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు పెట్టినా 93, 94, 95 దగ్గరే కదలకుండా నిలబడిందంటే, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు ఉందని అర్థం. ఆ మిగతా ఐదారు డేటా మోసుకెళ్లే ఖర్చు కిందే పోతాయి.

మా ఇంట్లో అది ఆ 550 స్విచ్చే. కాబట్టి మొదట డబ్బా మీద అంకెలు చదవండి. 10/100 అని ఉంటే అది 100 దగ్గర ఆగిపోయేది. 10/100/1000 అని గానీ గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) అని గానీ ఉంటేనే కొనండి. ఆన్‌లైన్లో కొంటే మోడల్ పేరులో అక్షరాలు చూసుకోవాలి, ఎందుకంటే ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. టీపీ-లింక్‌లో ఎస్‌ఎఫ్ అని ఉన్నవి 100వి, ఎస్‌జీ అని ఉన్నవి గిగాబిట్. అదే కంపెనీ ఎల్‌ఎస్ వరుసలో తేడా చివరి అక్షరమే: ఎల్‌ఎస్1005 వేరు, ఎల్‌ఎస్1005జీ వేరు. డీ-లింక్‌లో డీఈఎస్ అంటే 100, డీజీఎస్ అంటే గిగాబిట్. టెండాలో ఎస్105, ఎస్‌జీ105 కూడా ఇంతే. ఆ ఒక్క అక్షరానికీ తేడా మూడు నాలుగు వందలు.

ఇక ఎన్ని పోర్టులది కొనాలి? ఐదు పోర్టుల స్విచ్ కొంటే మనకు మిగిలేవి నాలుగే, ఒకటి రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌కు పోతుంది. ఎనిమిది పోర్టులది కొంటే ఏడు. ఇవాళ ఉన్న వస్తువులు లెక్కేసి ఇంకో రెండు కలుపుకోండి. సికింద్రాబాద్‌లో ఉండే మా తమ్ముడు అక్కడి సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌లో ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ 1,450కి తెచ్చిచ్చాడు. ధరలు మారుతూనే ఉంటాయి గానీ, ఐదుకూ ఎనిమిదికీ మధ్య తేడా చూశాక ఐదుది కొనడం నాకు దండగ అనిపించింది.

షాపువాళ్లు మేనేజ్డ్ స్విచ్ అనీ స్మార్ట్ స్విచ్ అనీ చూపిస్తారు. ఒకే స్విచ్‌ను ముక్కలుగా విడదీసి, కెమెరాల నెట్‌వర్క్ వేరు, ఇంటి నెట్‌వర్క్ వేరు అని పెట్టుకునేవాళ్లకు అది అవసరం. నాకు కాదు. అన్‌మేనేజ్డ్ దానికి సెట్టింగులే ఉండవు, కేబుల్ గుచ్చితే పనిచేస్తుంది. పీఓఈ స్విచ్ అయితే ల్యాన్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపుతుంది. ల్యాన్ కేబుల్‌తో పనిచేసే ఐపీ కెమెరాలు గానీ, సీలింగ్‌కు పెట్టే వైఫై డబ్బాలు గానీ ఉంటేనే దాని జోలికి వెళ్లండి, లేకపోతే ధర ఊరికే పెరుగుతుంది. డబ్బా మీద "16 జీబీపీఎస్ స్విచింగ్ కెపాసిటీ" అని గొప్పగా రాస్తారు. ఎనిమిది పోర్టులు, ఒక్కోదానికి వెయ్యి ఎంబీపీఎస్, అంటే ఒక జీబీపీఎస్, రాకకూ పోకకూ కలిపి రెండింతలు, లెక్క అంతే. ఇనుప డబ్బానా ప్లాస్టిక్‌దా అన్నది మీ ఇష్టం. నాది ప్లాస్టిక్‌దే.

కొనడానికి ముందు రౌటర్ వెనక్కీ ఒకసారి చూడండి. కొన్నింట్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100. జీఈ అని రాసున్నది గిగాబిట్, ఎఫ్‌ఈ అని రాసున్నది 100. స్విచ్‌ను జీఈ పోర్టుకే కలపాలి. స్విచ్ వైపు ఏ పోర్టయినా ఒకటే.

కొత్త స్విచ్ పెట్టాక మావాడి కంప్యూటర్ 190 దాటింది. పైన మా మరిది లాప్‌టాప్‌లో మాత్రం మళ్లీ అదే 94! ఈసారి మా తమ్ముడు వీడియో కాల్‌లో "అక్కా, జాక్ చూపించు" అన్నాడు. జాక్ అంటే పోర్టులో గుచ్చే కేబుల్ కొస. కేబుల్ లోపల ఎనిమిది తీగలుంటాయి, నాలుగు జతలుగా. 100 స్పీడుకు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. మా జాక్‌లో గోధుమరంగు తీగ ఒకటి చివరిదాకా చేరలేదు. నెట్ ఆగదు, స్పీడు పడిపోతుంది, అంతే. అందుకే రెండేళ్లుగా ఎవరమూ గమనించలేదు. పది రూపాయల కొత్త జాక్ వేసి క్రింపింగ్ చేయిస్తే, అంటే తీగలను అందులో నొక్కి బిగిస్తే, సరిపోయింది. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్లి ఈథర్‌నెట్ నొక్కితే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. అక్కడ 1000/1000 రావాలి. 100/100 అని వస్తే ముందు జాకులు అనుమానించండి.

కేబుల్ కొత్తగా కొనాల్సి వస్తే క్యాట్5ఈ అనే రకం చాలు, 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది. కానీ పూర్తి రాగిదే అడగండి. చవకవాటిలో అల్యూమినియం తీగకు పైన రాగి పూత ఉంటుంది. చాకుతో తీగను కాస్త గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అది వంగిన చోట త్వరగా విరుగుతుంది. గోడలోకి వెళ్లాక విరిగితే మళ్లీ లాగించడానికి కూలి వెయ్యి, ఆ దుమ్ము వేరే.

కరెంటు సంగతి. మా వీధిలో వేసవిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, అందుకే రౌటర్‌కు మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ డబ్బా) పెట్టుకున్నాం. స్విచ్‌ను కూడా దానికే తగిలిద్దామని పిన్ను పెట్టబోయాను. పిన్ను సైజు సరిగ్గా సరిపోయింది కూడా. యూపీఎస్ ఇచ్చేది 12 వోల్టులు, నా స్విచ్ అడాప్టర్ మీద ఉన్నది 5. ఆఖరి నిమిషంలో తమ్ముడు అరవకపోతే 1,450 పొగైపోయేది. 5, 9, 12 వోల్టుల పిన్నులు విడివిడిగా ఉన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టర్ మీద అంకె చూసే కలపండి. కరెంటు బిల్లు గురించి టెన్షన్ వద్దు: నాలుగు వాట్లు అనుకున్నా నెలంతా కలిపి మూడు యూనిట్లు దాటదు.

ఇంకో ప్రమాదం పిల్లలతో. మా అబ్బాయి ఇల్లు సర్దుతూ, వేలాడుతున్న కేబుల్ కొసను చూసి ఖాళీగా ఉన్న పోర్టులో గుచ్చాడు. దాని రెండో కొస అదే స్విచ్‌లో ఉంది. లైట్లన్నీ పిచ్చిపట్టినట్టు మెరిశాయి, ఇంట్లో నెట్ మొత్తం పడిపోయింది. అత్తయ్య సీరియల్ మధ్యలో ఆగింది. చవక స్విచ్‌లలో చాలావాటికి ఈ చక్రాన్ని పట్టుకునే తెలివి ఉండదు, అదే డేటాను తిప్పి తిప్పి పంపుతూనే ఉంటాయి. ఒక కొస పీకేస్తే మామూలైంది. అప్పటి నుంచి ప్రతి కేబుల్ కొసకూ కాగితం ముక్క అంటించి పేరు రాశాను.

అన్నట్టు, 1990లో మొట్టమొదటి ఈథర్‌నెట్ స్విచ్‌ను అమ్మిన అమెరికా కంపెనీ పేరు కల్పన. స్థాపించినవాళ్లలో ఒకరు భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్. ఆయన భార్య పేరే కంపెనీకి పెట్టారు. ఆ స్విచ్‌కు ఏడు పోర్టులు. 1994లో ఆ కంపెనీని సిస్కో కొనేసింది.

మొదట కొన్న 550 స్విచ్‌ను పారేయలేదు. ప్రింటర్‌కు, కెమెరాల డబ్బాకు 100 స్పీడు ఎక్కువే. ఆ రెండింటినీ దానికి తగిలించి, దాన్ని తెచ్చి కొత్త స్విచ్‌లో ఒక పోర్టుకు కలిపాను. కెమెరాల డబ్బా వదిలిన రౌటర్ పోర్టు ఇప్పుడు ఖాళీగా ఉంది.