పోస్ట్‌డాక్‌లో సార్‌తో పని ఎలా కుదుర్చుకోవాలి

పాలమూరు యూనివర్సిటీలోనో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పీహెచ్‌డీ అయ్యి పోస్ట్‌డాక్‌కు, అంటే ఒక ప్రొఫెసర్ సార్ దగ్గర మరికొన్నాళ్లు పరిశోధన చేయడానికి, వెళ్తున్నారా? నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ గడువు 2 ఏళ్లే, సారే పిలుస్తారులే అని ఆగితే ఇట్టే గడిచిపోతుంది.

మొదటి నెలలోనే సార్‌తో కూర్చొని, రీసెర్చ్ పేపర్లో మొదటి పేరు ఎవరిది, వెళ్లేటప్పుడు ఏ పని మీ వెంట తీసుకెళ్లొచ్చు అన్నవి మొహమాటం లేకుండా అడిగేయండి. మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి: ‘సార్, ఫ్లోరైడ్ శాంపిళ్లు మార్చికల్లా పూర్తి చేస్తాను, డ్రాఫ్ట్ రెండు వారాల్లో చూస్తానన్నారు’ అని, అంతే చాలు, రేపు మాట తేడా వస్తే ఇదే ఆదుకుంటుంది. వారం వారం కలిసినప్పుడు ఆగిపోయిన పని ముందు చెప్పండి.

అన్నీ ఒక్కరి దగ్గరే దొరకవు. ఉద్యోగ అప్లికేషన్లు చూసిపెట్టడానికి వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్‌నో, మీ పాత గైడ్‌నో అడగండి.