తొలకరికి ముందు మోటారు దగ్గర: కరెంటు తగిలిన చేయి ఎందుకు వదలదు?

మృగశిర కార్తె వచ్చి నారుమళ్ల పని మొదలయ్యేసరికి, వేసవంతా ఊరికే ఉన్న బోరు మోటార్లను మళ్లీ ఆడించవలసి వస్తుంది. ఎండకు పెళుసెక్కిన వైర్ల తొడుగు, ఎలుకలు కొరికిన చోట్లు, తడి నేల, బురద చేతులు అన్నీ ఒక్కచోట కలిసేది స్టార్టర్ డబ్బా దగ్గరే. అక్కడ ఎవరికైనా ప్రమాదం జరిగితే "కరెంటు పట్టేసుకుంది" అంటాం. నిజానికి కరెంటు మనిషిని పట్టుకోదు. మనిషి చేయే తీగను పట్టుకుని, వదలాలని అతడెంత ప్రయత్నించినా వదలదు.

చేయి ముడవమని మెదడు పంపే ఆజ్ఞ కూడా స్వల్పమైన విద్యుత్ సంకేతమే. అది నాడి చివరకు చేరగానే ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం విడుదలై కండర కణాన్ని ఉత్తేజపరుస్తుంది. దాంతో కణం లోపలి సంచుల్లోని కాల్షియం బయటికి వచ్చి, యాక్టిన్, మయోసిన్ అనే సన్నని పోగులు ఒకదాని మీదుగా మరొకటి జారేలా చేయడంతో కండరం కురచబడుతుంది. ఆ కాల్షియం తిరిగి సంచుల్లోకి చేరితేనే కండరం సడలుతుంది. బయటి నుంచి వచ్చిన కరెంటు మెదడుతో పని లేకుండానే ఈ తతంగమంతా మొదలుపెట్టగలదు. ఇటలీలోని బొలోన్యాలో లూయిజీ గాల్వానీ చచ్చిన కప్ప కాళ్లు ఎగిరిపడటం చూసి 1791లో ప్రచురించిన సంగతి ఇలాంటిదే. మనకు వచ్చే సరఫరా సెకనుకు 50 ఆవృత్తులు, అంటే 20 మిల్లీసెకన్లకు ఒక ఆవృత్తి పూర్తవుతుంది. ఒక కుదుపు తర్వాత కండరం పూర్తిగా సడలేలోపే మరో పోటు తగులుతుంది కనుక కుదుపులన్నీ కలిసి ఎడతెగని బిగింపుగా మారతాయి. ముంజేతిలో వేళ్లను ముడిచే కండరాలు వాటిని చాపే కండరాల కంటే బలమైనవి కాబట్టి, రెండూ ఒకేసారి బిగిసినప్పుడు పిడికిలే గెలుస్తుంది.

ఇందుకు పెద్ద కరెంటు అక్కరలేదు. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలామంది చేయి విడిపించుకోలేరు, పిల్లల విషయంలో అంతకంటే తక్కువే చాలు. 20, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఛాతీ కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడదు. మరికొంత పెరిగితే గుండె లయ తప్పుతుంది. చర్మం బాగా తడిసినప్పుడు దేహ నిరోధం 1000 ఓముల వరకు పడిపోవచ్చు, అప్పుడు 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. 5 ఆంపియర్ల ఫ్యూజు అంటే 5000 మిల్లీ ఆంపియర్లు, కనుక ఫ్యూజు కాపలా కాసేది వైరుకూ మోటారుకూ తప్ప మనిషికి కాదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చును ఇంట్లో తప్పక పెట్టించాలి. మోటారుకు దాన్ని ఎలా అమర్చాలో ఎలక్ట్రీషియన్‌ను అడగాలి.

చేయి మన మాట వినని పరిస్థితి తాకిన క్షణం నుంచే మొదలవుతుంది కాబట్టి, చేయవలసినదంతా అంతకు ముందే చేయాలి. ఇనుప స్టార్టర్ డబ్బా తలుపు పిడిని చూడండి: దాన్ని తెరవాలంటే వేళ్లు చుట్టి పట్టుకోవలసిందే, సరిగ్గా కండరం బిగిసేదీ అదే తీరులో. అనుభవమున్నవాళ్లు మొదట చేతి వెనుక భాగంతో తాకి చూస్తారు, ఎందుకంటే కరెంటు ఉంటే వేళ్లు ముడుచుకుని పిడి నుంచి దూరమవుతాయి. ఆ తెలివిని మెచ్చుకోవచ్చు గానీ నమ్ముకోకూడదు. తడి నేల మీద ఆ ఒక్క తాకిడే ప్రాణం తీయవచ్చు. డబ్బాకూ మోటారుకూ ఎర్తింగ్ సరిగా ఉందో లేదో వానలకు ముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. డబ్బా ముందు ఎండిన చెక్కపీట వేసి, చేతులు తుడుచుకుని, రబ్బరు చెప్పులతో నిలబడాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోయి మోటారు ఆగినా మిగతా తీగల్లో కరెంటు ఉంటుంది. ఆటోమేటిక్ స్టార్టర్ ఉంటే సరఫరా రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయడం లైన్‌మన్ పని. అతడు వచ్చేదాకా నారు ఒక పూట ఎండినా నష్టం లేదు, 1912కు ఫోన్ చేసి ఆగడమే మంచిది. ఇంటి దగ్గర ఇనుప తీగతో కట్టిన దండెం సర్వీసు వైరును ఒరుసుకునేలా ఉంటే ఈరోజే విప్పి నైలాన్ తాడు కట్టండి.

తెగిపడిన 11 కేవీ (11,000 వోల్టుల) తీగ దగ్గరికి కర్రతో కూడా వెళ్లకూడదు, ఎందుకంటే దాని చుట్టూ ఉన్న నేలలోనే కరెంటు పారుతూ రెండు కాళ్ల మధ్య తేడాకే కాలి కండరాలు బిగిసి మనిషి పడిపోతాడు. అలాంటి చోట చిక్కుకుంటే పాదాలను కలిపి, నేల మీద నుంచి ఎత్తకుండా చిన్నగా జరుపుతూ దూరంగా రావాలి.

ఛాతీ బిగుసుకున్నవాడు అరవలేడు. డబ్బా దగ్గర మనిషి కదలకుండా, పలకకుండా నిలబడి ఉన్నాడంటే అనుమానించాలి. అతణ్ని తాకకుండా ముందు మెయిన్ ఆపాలి. 230 వోల్టుల తీగ అయి, ఆపడం కుదరకపోతే ఎండిన కర్రతో తీగను తప్పించాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయిస్తూ, ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. లేచి కూర్చుని "ఏం కాలేదు" అన్నా ఆసుపత్రికి తీసుకువెళ్లి ఈసీజీ తీయించాలి. భుజం కీలు తప్పి ఉండవచ్చు, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే కండరాలు చితికి మూత్రపిండాలకు ముప్పు వస్తోందని డాక్టరుకు వెంటనే చెప్పాలి.