పిల్లలున్న ఇంట్లో పెరటి కోళ్ళు: పెంచడం, కోయడం ఎలా?

కోడిపిల్లలు ఇంటికి రాకముందే పిల్లలకు ఉన్నమాట చెప్పండి: "పెట్టలు గుడ్లు పెడతాయి, పుంజులను పెద్దయ్యాక కోసుకుని తింటాం." గుంటూరులో మా పెరట్లో మొదటిసారి పెంచినప్పుడు నేను ఈ మాట దాచాను. ఒక ఆదివారం మా ఆరేళ్ళ పాప పుంజు కోసం వీధంతా వెతికింది. అది కూరైందని రాత్రికి తెలిసింది. ఆ తర్వాత చాలా రోజులు నా మాట నమ్మలేదు.

మొదటిసారి ఆరు కోడిపిల్లలు చాలు. గుడ్లూ మాంసమూ రెండూ కావాలంటే వనరాజా, గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ తెచ్చుకోండి. రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకాలు.

మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. ఆపై వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. కోడిపిల్లలు బల్బు కింద ఒకదానిపై ఒకటి ఎక్కుతుంటే చలిగా ఉన్నట్టు, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు. మన మే నెల ఎండల్లో పగలు బల్బుతో పనే లేదు, నీడా నీళ్ళే ప్రాణం. కొక్కెర తెగులు రాకుండా 5-7 రోజుల మధ్య లసోటా అనే టీకా చుక్క, 28వ రోజున మరోసారి, 8వ వారంలో ఆర్2బి అనే టీకా సూది వేయించండి.

ఆరు వారాలు కోడిపిల్లల దాణా, తర్వాత నూకలు, తవుడు, రాగులు, ఆకుకూరల తుంపులు. చీకటి పడగానే గూటికి గడియ పెట్టడం మరవద్దు, అడవిపిల్లి దూరితే ఒక్క రాత్రిలో అన్నిటినీ చంపేయగలదు.

గుడ్లు ఏరడం, నీళ్ళు పోయడం పిల్లలకు అప్పగించండి. తర్వాత సబ్బుతో చేతులు కడగాల్సిందే. ఆరోగ్యంగా కనిపించే కోడి ఒంటిమీద కూడా సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉండొచ్చు కాబట్టి ముద్దు పెట్టుకోనివ్వకండి. ఐదేళ్ళలోపు వారిని గూటి దగ్గరకు పంపవద్దు.

కోసే ముందు రాత్రి నుంచి మేత ఆపి, నీళ్ళు మాత్రం ఉంచండి. కోడిని తరమకండి, బెదిరిపోతుంది. తెల్లవారకముందే గూటిలోంచి నెమ్మదిగా తీయండి. అడుగు కోసిన ప్లాస్టిక్ డబ్బాలో తలకిందులుగా దించితే రెక్కలు కొట్టుకోదు. దవడ కిందే రెండు పక్కలా రక్తనాళాలను బాగా పదునైన కత్తితో ఒక్క వేటుకు తెంపండి. స్పృహ పోయాక కాళ్ళు కదిలినా అది నొప్పి కాదని, నరాల కదలికేనని చూస్తున్న పిల్లలకు చెప్పండి. చూడాలో వద్దో వాళ్ళ ఇష్టం, బలవంతం వద్దు.

రక్తం పూర్తిగా కారాక 60-65 డిగ్రీల నీళ్ళలో నిమిషం ముంచితే ఈకలు సులువుగా వస్తాయి. మరిగే నీళ్ళలో వేస్తే చర్మం ఊడిపోతుంది. మంటపై కాల్చి, పసుపు రాసి కడగండి. మెడ దగ్గరి మేత సంచి తీసి, పొట్ట కింద చిన్నగా చీల్చి పేగులు లాగండి. కార్జానికి అంటుకున్న ఆకుపచ్చని చేదుకట్టు పగిలితే కూరంతా చేదే.

జబ్బుపడిన కోడినీ, చచ్చిన కోడినీ ఎన్నడూ వండకండి. ముక్కలు కోసేటప్పుడు చిన్నపిల్లలను దగ్గర ఉంచకండి. 2025లో నరసరావుపేట రెండేళ్ళ పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది. పచ్చి కోడిముక్క తిన్నదని వార్తల్లో చదివాక, మా ఇంట్లో కత్తిపీట బయటకు తీస్తే చంటివాణ్ణి మా అత్తగారు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోతారు.

ఈకలు, పేగులు జామచెట్టు పక్కన రెండడుగుల లోతున పాతేయండి. అంతకంటే పైన ఉంటే కుక్కలు తవ్వుతాయి.