భోగి మంటకి ముందు: టెక్సాస్‌లో పొలం కొన్న మనవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

పోయిన సోమవారం మధ్యాహ్నం మా వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ పేజర్ మోగింది. డాలస్‌కి ఉత్తరంగా గంటన్నర దూరంలో, మా పొలం ఉన్న రోడ్డు మీదే గడ్డి మంట. మేం వెళ్లేసరికి పక్క రైతు గుండ్రటి గడ్డి బేళ్లు (చుట్టి కట్టిన పెద్ద కట్టలు) యాభై పైనే అంటుకుని ఉన్నాయి. కంచె కర్రలు వరసగా కాగడాల్లా వెలుగుతున్నాయి. అంతా అదుపులోకి వచ్చాక, ఎక్కడ పుట్టిందో చూద్దామని నల్లబడిన నేల మీద గాలికి ఎదురు నడిచాం. ఆ నలుపు సన్నబడుతూ సన్నబడుతూ ఒక బూడిద కుప్ప దగ్గర ఆగింది. అవతల గేటుకి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కట్టి ఉంది. మనవాళ్లదే, పన్నెండెకరాలు.

వాళ్లు నిర్లక్ష్యపు మనుషులేం కాదు. శనివారం పొద్దున కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట కాల్చకూడదన్న నిషేధం) లేదని చూసుకున్నారు. గాలి చూసుకున్నారు. కుప్ప చుట్టూ గడ్డి చెక్కించారు. డ్రమ్ముల్లో నీళ్లు పెట్టుకున్నారు. సాయంత్రం నాలుగింటికి బూడిద మీద నీళ్లు చల్లి, పొగ రావట్లేదని నిర్ధారించుకుని, డాలస్ శివారు ఫ్రిస్కోలో ఇంటికి వెళ్లిపోయారు. ఆదివారం ఏమీ కాలేదు. సోమవారం ఉత్తరపు గాలి విసురుగా దిగింది.

వచ్చే వారం భోగి. ఈ రెండు మూడేళ్లలో పదెకరాలు, పన్నెండెకరాలు కొనుక్కున్నవాళ్లు చాలామంది పొలంలోనే మంట వేసుకుందామని అనుకుంటున్నారు. అందుకే రాస్తున్నా. పిల్లల్ని మంట దగ్గరికి పోనివ్వొద్దు, సిల్కు చీరలు కట్టుకోవద్దు లాంటివి మీకు తెలుసు, అవి వదిలేస్తున్నా.

పొగ లేదు కాబట్టి ఆరింది అనుకోవడం

నేను చూసిన తప్పు ఇదొక్కటే. మళ్లీ మళ్లీ ఇదే. మంట వేయడంలో మనవాళ్లు బాగానే జాగ్రత్త పడతారు. కొంప మునిగేది వదిలి వెళ్లడంలో.

సోమవారం ఆ కుప్పలో నేనే పార దించాను. పైన విభూతిలా తెల్లగా, చల్లగా ఉంది. జానెడు లోపల ఎర్రగా కణకణలాడుతోంది. డోజర్‌తో నెట్టించిన కుప్ప కాబట్టి సీడర్ మొద్దులతో పాటు వేర్లు, మట్టి కలిసిపోయాయి. ఆ మట్టి నీళ్లని కిందికి దిగనివ్వదు, వేడిని బయటికి పోనివ్వదు. మా అమ్మమ్మ రాత్రిపూట పొయ్యిలో పిడకల నిప్పు మీద బూడిద కప్పి, తెల్లారి దాన్నే ఊది పొయ్యి రాజేసేది. అక్కడ జరిగిందీ అదే. ఊదింది గాలి.

రెండు రోజులే కదా అనుకోకండి. 2022లో పక్కనున్న న్యూ మెక్సికోలో కాఫ్ కాన్యన్ అనే మంట ఎలా పుట్టిందో తెలుసా? ఫెడరల్ ఫారెస్ట్ సర్వీస్ వాళ్లు జనవరిలో కొమ్మల కుప్పలు కాల్చారు. వాటి మీద మంచు కురిసింది, ఒకసారి కాదు, మూడుసార్లు. అయినా నిప్పు లోపల బతికే ఉంది. ఏప్రిల్‌లో బయటికొచ్చి, గాలికి లేచి, పక్కన ఇంకో మంటతో కలిసిపోయింది. రెండూ కలిసి 3,41,000 ఎకరాలు కాల్చాయి. ఆ రాష్ట్ర చరిత్రలోనే అంత పెద్దది లేదు. ఆ రెండో మంట కూడా అదే శాఖ కావాలని పెట్టినదే, చెయ్యి దాటిపోయింది. వాళ్లు దీని కోసమే శిక్షణ పొందినవాళ్లు. శనివారం మధ్యాహ్నం పులిహోర డబ్బాతో వచ్చే మన సంగతి ఆలోచించండి.

నేను వాలంటీర్‌గా చేరినప్పుడు అడవి మంటల బేసిక్ కోర్సు, ఎస్-130, ఎస్-190 చేశాను. 45 పౌండ్ల బరువు వేసుకుని 3 మైళ్లు 45 నిమిషాల్లో నడిచే పరీక్ష ఒకటుంది, అది అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం బాగా గుర్తున్నది 'మాప్-అప్' అనే విసుగు పని. మంట ఆరిపోయాక గంటల తరబడి బూడిద తవ్వడం, తిప్పడం, తడపడం. మాకు నేర్పినాయన గ్లవ్ తీసేసి, అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు బూడిదకి దగ్గరగా పెట్టి చూపించాడు. ముందు దూరంగా పెట్టాలి, వేడి తెలియకపోతేనే ఇంకొంచెం దగ్గరికి తేవాలి. ఎక్కడ వేడి తగిలితే అక్కడ మళ్లీ తవ్వాలి. అన్నట్టు, టెక్సాస్‌లో జీతం తీసుకునే ఫైర్‌మెన్‌కి రాష్ట్ర కమిషన్ సర్టిఫికెట్ ఉండాలి. మాలాంటి వాలంటీర్లకి అలాంటి నిర్బంధం లేదు, ఇష్టమున్నవాళ్లు నేర్చుకోవడమే. పల్లెల్లో మీ మంటకి వచ్చేది మాలాంటివాళ్లే, అది కూడా ఆఫీసు కాల్ మధ్యలో లేచి. అది గుర్తుంచుకుని అగ్గిపుల్ల గీయండి.

చలికాలమే కదా అనే ధైర్యం

టెక్సాస్‌లో మంటల సీజన్లు రెండు. ఎండాకాలంది అందరికీ తెలుసు. చలికాలంది మనవాళ్లకి తెలియదు. మంచు పడ్డాక బెర్ముడా గడ్డి ఎండిపోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. ముందు రోజు వాన పడినా సరే, పొడి గాలి ఒక పూట వీస్తే మళ్లీ కాగితమే. పది లక్షల ఎకరాలకు పైగా కాల్చిన స్మోక్‌హౌస్ క్రీక్ మంట 2024 ఫిబ్రవరి 26న మొదలైంది. 2022 జనవరిలో బాస్ట్రప్ స్టేట్ పార్కులో ప్లాన్ ప్రకారం పెట్టిన మంట కూడా గీత దాటి 800 పైచిలుకు ఎకరాలు తినేసింది, చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించారు.

బర్న్ బ్యాన్ లేదు కాబట్టి కాల్చొచ్చు అనే లెక్క అందుకే పనికిరాదు. బ్యాన్ పెట్టేది కౌంటీ కమిషనర్ల కోర్టు, ఎక్కువగా కరువు సూచీ చూసి. సూచీ తక్కువున్న రోజు కూడా ఎండిన గడ్డి, గాలి ఉంటే చాలు. బ్యాన్ ఉండగా కాలిస్తే 500 డాలర్ల దాకా జరిమానా, కానీ అది చిన్న విషయం. రాష్ట్ర పర్యావరణ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది: కాల్చడానికి అనుమతి ఉన్నంత మాత్రాన, దానివల్ల జరిగే నష్టానికి బాధ్యత తప్పదు. పక్కాయన బేళ్లు, కంచె, ఆవులు, అన్నీ మీ లెక్కలోకే వస్తాయి.

అవే నిబంధనల్లో ఇంకొన్ని: కుప్ప వెలిగించేది సూర్యోదయం అయిన గంట తర్వాతే, ముగించేది సూర్యాస్తమయానికి గంట ముందే. గాలి గంటకి 6 మైళ్ల కన్నా తక్కువున్నా కూడదు, 23 దాటినా కూడదు. తక్కువైతే పొగ నేల మీదే పరుచుకుంటుంది, రోడ్డు మీద కార్లకి దారి కనపడదు. మంట నడుస్తున్నంతసేపూ బాధ్యత గల మనిషి అక్కడే ఉండాలి. వేడుకకీ, వంటకీ, చలి కాచుకోవడానికీ వేసే చిన్న మంటలకి కొంత వెసులుబాటు ఉంది కాబట్టి భోగి మంట దానికిందికి వస్తుంది. కానీ పాత సోఫా, రంగు వేసిన తలుపు, ట్రీటెడ్ కలప, ప్లాస్టిక్ కుర్చీ, టైరు పడేస్తే అది భోగి మంట కాదు.

ఆగ్ ఎగ్జెంప్షన్‌కీ దీనికీ ఏం సంబంధం

ఆ పన్నెండెకరాల వాళ్లకి సంబంధం సోమవారం రాత్రి తెలిసింది. కాలిపోయిన బేళ్లు ఎవరివో, వీళ్ల పొలంలో గడ్డి కోసుకునేదీ ఆయనే. ఆయన కోస్తున్నాడు కాబట్టే వీళ్లకి ఆగ్ వాల్యుయేషన్, అంటే సాగు నేలకి తక్కువ పన్ను, నడుస్తోంది. నోటి మాట లీజు, కాగితం లేదు. "ఇక మీ గేటు తెరవను" అన్నాడు పెద్దాయన. తప్పేముంది?

అందరూ ఎగ్జెంప్షన్ అంటారు గానీ నిజానికి అది విలువ కట్టే పద్ధతి. 1978 రాజ్యాంగ సవరణతో వచ్చిన '1-డి-1': మార్కెట్ రేటు మీద కాకుండా, ఆ నేల సాగుతో ఎంత సంపాదించగలదో దాని మీద పన్ను. దానికి ఊళ్లో మిగతావాళ్లు చేసే స్థాయిలో సాగు జరుగుతూ ఉండాలి, వెనకటి 7 ఏళ్లలో 5 ఏళ్లు జరిగి ఉండాలి. ఈ ఏడాది ఎవరూ గడ్డి కోయకపోతే, వందల్లో వచ్చే బిల్లు వేలల్లో వస్తుంది. వెంచర్‌కో, గోడౌన్‌కో నేల వాడకమే మార్చేస్తే వెనకటి 3 ఏళ్ల తేడా కూడా కట్టాలి, దాన్నే రోల్‌బ్యాక్ అంటారు. 2019కి ముందు అది 5 ఏళ్లు ఉండేది. దాని మీద వడ్డీ 2021లో తీసేశారు, అదొక్కటే ఊరట.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తా. విభాగాలు చేసే ఓపిక లేదు.

- కొన్న ఏడాదే మీ పేరు మీద ఆగ్ అప్లికేషన్ పెట్టండి, ఏప్రిల్ ఆఖరు లోపల. పాత యజమానికి ఉన్నది మీకు దానంతటదే రాదు.
- గడ్డి లీజు కాగితం మీద రాసుకోండి. ఏ తేదీన ఎన్ని బేళ్లు తీశారో ఫోటోలు పెట్టుకోండి.
- తేనెటీగలతో నడిపిద్దామనుకుంటే నేల 5 ఎకరాలకి తగ్గకూడదు, 20 దాటకూడదు. పెట్టెల లెక్క కౌంటీని బట్టి ఉంటుంది, నేలకి విలువ కట్టే అప్రైజల్ ఆఫీసులో అడగండి. ఆ పెట్టెల పక్కన కుప్ప వేయకండి.
- మీ ఇంటి ఇన్సూరెన్సు గంటన్నర దూరంలో ఉన్న పొలానికి పనిచేస్తుందా? ఏజెంటుని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.
- పెద్ద ఎత్తున కాల్చాల్సి వస్తే సర్టిఫైడ్ బర్న్ మేనేజర్‌ని పెట్టుకోండి. రాష్ట్రం శిక్షణ ఇచ్చి, కనీసం పది లక్షల డాలర్ల బీమా ఉంటేనే లైసెన్సు ఇస్తుంది.
- డోజర్ వాడికి ముందే చెప్పండి, కుప్పలో మట్టి కలపొద్దని. చిన్న చిన్న కుప్పలు వేయించండి.
- కరెంటు తీగ కింద కుప్ప వద్దు.
- వెలిగించే ముందు షెరీఫ్ డిస్పాచ్‌కి ఫోన్. 911 కాదు, మామూలు నంబరు.
- ఆ రోజు ఫోర్‌కాస్ట్ ఒక్కటే కాదు, తర్వాతి నాలుగు రోజుల గాలి చూడండి. ఉత్తరపు గాలి దిగేలా ఉంటే మానేయండి.
- రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక (మంటలు చెలరేగే వాతావరణం అని వాతావరణ శాఖ ఇచ్చేది) ఉన్న రోజు బార్బెక్యూ కూడా వద్దు.
- చుట్టాల కార్లు ఎండుగడ్డి మీద పార్క్ చేయించకండి. బండి కింద సైలెన్సర్ వేడి చాలు.
- మధ్యాహ్నం మోయర్ (గడ్డి కోసే మిషన్) తిప్పకండి. 2022 జూలైలో డాలస్ పక్కనే బాల్చ్ స్ప్రింగ్స్‌లో మోయర్ బ్లేడు ఏదో గట్టి వస్తువుకి తగిలి నిప్పురవ్వ లేచింది. పాతిక దాకా ఇళ్లు దెబ్బతిన్నాయి.
- గేటు తాళం కోడ్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఇవ్వండి. సోమవారం మేం గొలుసు కోసుకుని లోపలికి వెళ్లాం.
- పెట్రోల్ పోసి వెలిగించొద్దు. ఎప్పుడూ.
- నీళ్లు చల్లడం ఆర్పడం కాదు. తవ్వండి, తిప్పండి, తడపండి, చెయ్యి పెట్టి చూడండి. మళ్లీ తవ్వండి.
- సాయంత్రం వెళ్లిపోవాల్సి ఉంటే కుప్ప వెలిగించనే వద్దు. రాత్రి అక్కడ పడుకునేవాడు ఉంటేనే.
- మర్నాడు వెళ్లి చూడండి. మూడో రోజూ. పెద్ద గాలి వచ్చిన ప్రతి రోజూ.
- పొగ లేదు అని వదిలి వెళ్లకండి.

ఈ వారాంతం కుప్ప కాల్చి ఇంటికి వచ్చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇప్పుడే బయల్దేరండి. పార మర్చిపోకండి.