పేగుపూత ఉన్నవాళ్లు తమకు పడని తిండిని కనిపెట్టడం ఎలా?

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుళ్లు) అనో, క్రోన్స్ (పేగులో ఎక్కడైనా రాగల వాపు జబ్బు) అనో డాక్టరు చెప్పిన మర్నాటి నుంచే ఇంట్లో పథ్యం మొదలవుతుంది. ఒకరు పప్పు మానమంటారు, ఒకరు పెరుగు వద్దంటారు. చివరికి కంచంలో మెత్తటి అన్నం, చారు మిగులుతాయి. మనిషి చిక్కిపోతాడు. ఈ జబ్బులో ఐరన్, బి12, విటమిన్ డి తగ్గే ప్రమాదం ఎలాగూ ఉంటుంది. అందుకే ఊరికే తిండి మానేయడం నాకు భయంగా అనిపిస్తుంది. అందరికీ సరిపడే పథ్యం లేదు. మీకు ఏది పడదో మీరే కనిపెట్టాలి.

1. ముందు జబ్బు ఏ స్థితిలో ఉందో తెలుసుకోండి. విరేచనంలో రక్తం పడుతున్నా, జ్వరం వస్తున్నా, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వస్తున్నా తిండి లెక్కలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేస్తే పేగులో వాపు ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. వాపు తగ్గాక కూడా చాలామందికి గ్యాస్, ఉబ్బరం, నొప్పి ఉంటాయి. తిండి మార్పులు బాగా పనికొచ్చేది అప్పుడే.

2. రెండు మూడు వారాలు ఏమీ మానకుండా, తిన్నది తిన్నట్టు నోట్‌బుక్‌లో రాయండి. ఉదాహరణకు: "రాత్రి 8.30: రెండు చపాతీలు, ఉల్లిపాయ వేసిన ఆలూ కూర, గ్లాసు పాలు. 10 గంటలకు ఉబ్బరం. తెల్లవారుజామున నీళ్ల విరేచనం." నిద్ర, టెన్షన్, వేసుకున్న మాత్రలు కూడా రాయాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొందరిలో జబ్బును రేపుతాయి. ఆ సంగతి తెలియక నేరం కూర మీద వేస్తాం.

3. ఒక్కసారి ఒక్కటే మానండి. పై ఉదాహరణలో అనుమానం మూడింటి మీద ఉంది: గోధుమ, ఉల్లి, పాలు. మూడూ కలిపి మానేస్తే ఏది కారణమో ఎప్పటికీ తేలదు. ముందు పాలు ఒక్కటే ఓ వారం ఆపి చూడండి. పాలు పడనివాళ్లకు కూడా పెరుగు, మజ్జిగ పడొచ్చు, వాటిలో లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) తక్కువ కాబట్టి. తేడా లేకపోతే పాలు మళ్లీ మొదలుపెట్టి ఉల్లి సంగతి చూడండి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుల్లోని కొన్ని పిండిపదార్థాలు పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. వీటన్నిటినీ కలిపి తగ్గించే 'లో ఫాడ్‌మ్యాప్' పద్ధతి కావాలంటే డైటీషియన్ దగ్గరుండి చేయించాలి, అదీ కొద్ది వారాలే.

4. మానినదాన్ని మళ్లీ తిని చూడండి. మొదట రెండు చెంచాలు, మర్నాడు కాస్త ఎక్కువ. మళ్లీ అదే బాధ వస్తేనే దాన్ని దోషి అనుకోవాలి.

5. క్రోన్స్ వల్ల పేగు సన్నబడిందని స్కాన్‌లో వస్తే ఈ ప్రయోగాలు సొంతంగా వద్దు. మునక్కాయ పిప్పి, మొక్కజొన్న గింజలు, పండ్ల తొక్కలు అడ్డుపడొచ్చు. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

6. తిండి మార్చాక హాయిగా ఉందని మెసాలమీన్ గానీ మరే మందు గానీ మీ అంతట మీరు ఆపకండి. బాధ లేకపోయినా లోపల వాపు ఉండొచ్చు. వారానికోసారి బరువు చూసుకుని అదే నోట్‌బుక్‌లో రాయండి. తగ్గుతూ పోతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.